తంటాలు పడడాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?

(ఉద్యోగాలు చేసుకుంటూ ఇంగ్లిష్ మాట్లాడడం నేర్చుకుంటున్న పెద్దల కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు, అంటే వినపడుతోందనైనా అనుకోవాలి, నేనడిగిందే వినపడలేదనైనా అనుకోవాలి. సరే, ఈ వినపడకపోవడం సంగతి దగ్గరికి కాసేపట్లో మళ్ళీ వస్తాను.

ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి. చాలా ఏళ్ళ కిందట ఫోన్‌లో ఇంటర్వ్యూ జరుగుతోంది. అవతలాయన ఇంగ్లిష్ గడగడా మాట్లాడేస్తున్నాడు. నాకు మూడు మాటల్లో ఒకటి అర్థమవుతోంది. ఇక లాభం లేదని గొంతు సవరించుకుని, మహా మర్యాదగా అన్నాను: 'సారీ సర్, ఐ యామ్ వెరీ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్.' అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన ఎంతో దయగా 'నో, నో, ఐ అండర్‌స్టాండ్ యు వెరీ వెల్' అన్నాడు. అని, మళ్ళీ అదే స్పీడు.

నవ్వుతున్నారు. నవ్వండి, కానీ నవ్వినవాళ్ళు తప్పెక్కడుందో చెప్పాలి. నేనన్నది ఏమిటి? 'అయ్యా, నన్ను అర్థం చేసుకోవడం చాలా కష్టమండీ' అని. నా గురించి నేనే ఫిర్యాదు చేసుకున్నాను. పాపం ఆయన నన్ను ఓదార్చాడు!

ఇది ఎందుకు జరిగింది? నాకు ఇంగ్లిష్ రాక మాత్రమే కాదు. నాకు తెలుగు బాగా వచ్చు కాబట్టి జరిగింది. తెలుగులో ఏమంటాం? 'నాకు అర్థం చేసుకోవడం కష్టంగా ఉంది.' ఇందులో 'నాకు' తీసేసి 'ఐ' పెట్టాను, 'కష్టం' తీసేసి 'డిఫికల్ట్' పెట్టాను, మధ్యలో ఒక 'యామ్' అతికించాను. అయిపోయింది.

ఆ 'నాకు' అనే మాటని ఒకసారి గమనించండి. నాకు ఆకలేస్తోంది. నాకు కోపం వచ్చింది. నాకు జ్వరం వచ్చింది. నాకు కష్టం వచ్చింది. తెలుగులో మనం ఎక్కడో కూర్చుని ఉంటాం, ఆకలీ కోపమూ కష్టమూ వాటంతటవే వస్తాయి. చుట్టాల్లాగా. ఇంగ్లిష్‌లో అలా కాదు, వాక్యం మొదట్లో మనిషి నిలబడతాడు. 'ఐ యామ్ హంగ్రీ.' 'ఐ గాట్ యాంగ్రీ.' 'ఐ హావ్ ఎ ఫీవర్.' ఆకలికి 'ఐ యామ్' పనికొచ్చింది కదా, కష్టానికి ఎందుకు పనికిరాదు అనుకుంటాం. అక్కడే దొరికిపోతాం. 'హంగ్రీ' మనిషిలో ఉండే గుణం. 'డిఫికల్ట్' పనిలో ఉండే గుణం. దాన్ని తెచ్చి మనిషికి తగిలిస్తే మనిషే కష్టమైపోతాడు. 'హీ ఈజ్ డిఫికల్ట్' అంటే ఆయనకేదో కష్టం వచ్చిందని కాదు, ఆయనతో వేగలేమని. 'షి ఈజ్ హార్డ్ టు ఫైండ్' అంటే ఆమె దేన్నో వెతుక్కుంటోందని కాదు, ఆమే దొరకదని.

మరి మనిషి మొదట్లో నిలబడాలి, కష్టం పనిలోనే ఉండాలి. రెంటినీ కలిపేది ఏమిటి? అదే ఈ రోజు మన మాట. 'హావ్ ఎ హార్డ్ టైమ్.' ఆ తర్వాత పని, చివర 'ఇంగ్' పెట్టి. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ ఫైండింగ్ ది హౌస్.' ఆ రోజు ఫోన్‌లో నేను అనాల్సింది, 'ఐ యామ్ హావింగ్ ఎ హార్డ్ టైమ్ అండర్‌స్టాండింగ్ యు.' అంతే. ఆ ఒక్క వాక్యం వచ్చుంటే ఆ ఉద్యోగం వచ్చేదా అంటే, అదీ చెప్పలేను లెండి.

దీన్ని తెలుగులో ఏమనాలి? 'హార్డ్' అంటే కష్టం, 'టైమ్' అంటే కాలం, కాబట్టి కష్టకాలం అంటారేమో. అనకండి. 'ఇల్లు కనుక్కోవడంలో నాకు కష్టకాలం దాపురించింది' అని ఏ తెలుగువాడైనా అంటాడా? మనమేమంటాం? ఇల్లు కనుక్కోవడానికి నానా తంటాలు పడ్డాను. నానా తిప్పలు పడ్డాను. ఆపసోపాలు పడ్డాను. ఇంకా విసుగొస్తే, ఇల్లు కనుక్కునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇదీ 'హావ్ ఎ హార్డ్ టైమ్' అంటే. ఇంగ్లిష్‌వాడు ఇందులో 'హావ్' అన్నచోట మనం 'పడు' అంటాం. తంటాలు పడు, తిప్పలు పడు, ఇబ్బంది పడు, అగచాట్లు పడు. చూశారా, ఇందాక మనిషి ఊరికే కూర్చుంటాడు, కష్టాలే వస్తాయి అన్నాను గానీ, 'పడు' దగ్గరికొచ్చేసరికి తెలుగులోనూ 'నేను' మొదట్లోకి వచ్చేసింది. 'నాకు' పోయింది. 'నేను తంటాలు పడ్డాను.' కాబట్టి ఇంగ్లిష్‌లో ఈ వాక్యం చెప్పాలంటే 'నాకు కష్టంగా ఉంది' దగ్గర మొదలుపెట్టకండి. 'నేను తంటాలు పడుతున్నాను' దగ్గర మొదలుపెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఒక్క తేడా ఉంది, అది చెప్పాలి. 'కనుక్కునేసరికి తలప్రాణం తోకకొచ్చింది' అంటే, మొత్తానికి ఇల్లు దొరికిందని తెలుగు వాక్యమే చెప్పేస్తుంది. ఆ 'సరికి'లో ఉంది సంగతంతా. ఇంగ్లిష్ వాక్యం ఆ హామీ ఇవ్వదు. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ ఫైండింగ్ ది హౌస్' అంటే చాలాసార్లు దొరికిందనే అనుకుంటారు, కానీ ఖాయం కాదు. దొరికిందని చెప్పాలనుకుంటే 'బట్ ఐ ఫౌండ్ ఇట్' అని తోక తగిలించాలి.

కష్టపడు అనే మాట మాత్రం ఈ జాబితాలో వేయలేదు, కావాలనే వేయలేదు. ఎందుకంటే అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మాట. 'చాలా కష్టపడి చదివాను' అంటే ఏమిటి? చదువు ఒంటబట్టక అవస్థ పడ్డారా? కాదు, శ్రద్ధగా చదివారు. అది 'ఐ స్టడీడ్ హార్డ్.' అదే 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ స్టడీయింగ్' అంటే చదువు సాగలేదని. ఇంటర్వ్యూలో కూర్చుని, 'పోయిన ఉద్యోగంలో బాగా కష్టపడ్డాను' అని చెప్పబోయి 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ వర్కింగ్ దేర్' అన్నారనుకోండి, అవతలివాళ్ళు మీకు అక్కడ పొసగలేదు కాబోలనుకుంటారు. పోనీ తెలివిగా 'ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ' అన్నారా, ఇంకా అన్యాయం. 'హార్డ్‌లీ' అంటే దాదాపు లేనట్టే. 'ఐ హార్డ్‌లీ వర్క్‌డ్' అంటే పనిచేసిందే లేదని ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు మీరు ఎక్కువగా జారే చోటు. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ టు ఫైండ్ ది హౌస్.' ఇది వద్దు. ఎందుకు 'టు' పెడతామంటే, 'ఇట్ వజ్ హార్డ్ టు ఫైండ్ ది హౌస్' అనే వాక్యం మనకి బాగా అలవాటు. అది నూటికి నూరు పాళ్ళు సరైన వాక్యమే. 'ఇట్ వజ్ హార్డ్' అంటే 'టు' వస్తుంది, 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్' అంటే 'ఇంగ్' వస్తుంది. రెండు వాక్యాల్నీ ముక్కలు చేసి ఒకటిగా కుట్టకూడదు. అయితే, ఇక్కడ ఒక మెలిక ఉంది. 'ఇట్స్ ఎ హార్డ్ టైమ్ టు ఫైండ్ ఎ జాబ్' అనే వాక్యం మీకు ఎక్కడో కనపడుతుంది, కనపడగానే ఈయన తప్పు చెప్పాడంటారు. అది వేరే వాక్యమండీ. అక్కడ 'టైమ్' నిజంగానే కాలం. ఉద్యోగాలు దొరకని రోజులివి, అని అర్థం. మొదట్లో 'ఐ' ఉందా, 'ఇట్స్' ఉందా చూసుకోండి, తేలిపోతుంది.

ఇంకో భయం కూడా పోగొట్టాలి. 'ఐ యామ్ హావింగ్' అనకూడదని బడిలో మనకి బెత్తంతో నేర్పారు. 'ఐ యామ్ హావింగ్ ఎ కార్' తప్పు, 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' తప్పు. నిజమే, తప్పే. కానీ అక్కడ 'హావ్' అంటే కలిగి ఉండడం. ఇక్కడ 'హావ్' అంటే అనుభవించడం. 'వి ఆర్ హావింగ్ డిన్నర్' అంటాం కదా, దానికెవరూ కొట్టలేదుగా? అలాగే 'ఐ యామ్ హావింగ్ ఎ హార్డ్ టైమ్.' నిక్షేపంగా అనొచ్చు. అనడమే కాదు, రెంటికీ తేడా ఉంది. 'ఐ యామ్ హావింగ్ ఎ హార్డ్ టైమ్ స్లీపింగ్' అంటే ఈ మధ్య నిద్ర పట్టడం లేదని. 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ స్లీపింగ్' అంటే ఎప్పుడూ అంతేనని. డాక్టరు దగ్గర ఏ వాక్యం చెప్తున్నారో చూసుకోవాలి మరి, రెంటికీ ఒకే మందు కాకపోవచ్చు.

ఇందాక వినపడకపోవడం గురించి వస్తానన్నాను. ఫోన్‌లో అవతలివాళ్ళ మాట వినపడకపోతే మనవాళ్ళు ఏమంటారు? 'యు ఆర్ నాట్ ఆడిబుల్.' వ్యాకరణం తప్పు లేదు. కానీ వాక్యం మొదట్లో ఎవరున్నారు? 'యు.' వేలు అవతలివాడి వైపు తిరిగింది. అదే 'ఐ యామ్ హావింగ్ ఎ హార్డ్ టైమ్ హియరింగ్ యు' అంటే ఇబ్బంది నా నెత్తిన వేసుకున్నాను. తప్పు ఆయన మైకుదే కావచ్చు, అది ఆయనకీ తెలుసు, అయినా మాట మెత్తబడింది. ఈ పదబంధం ఎక్కువగా చేసే పని ఇదేనని నాకనిపిస్తుంది. దీన్ని కష్టాలు చెప్పుకోవడానికే వాడతారనుకుంటాం గానీ, మర్యాదకి వాడేదే ఎక్కువేమో.

చూడండి. 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ బిలీవింగ్ దట్.' నమ్మడానికి తంటాలు పడుతున్నానని కాదు. నమ్మబుద్ధి కావడం లేదని. ఇంకా సూటిగా చెప్పాలంటే, నువ్వు చెప్పేది అబద్ధంలా ఉందని. కానీ 'యు ఆర్ లయింగ్' అంటే కొట్లాట. 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ సేయింగ్ నో.' దీనికి తెలుగులో ఒక్క మాట చాలు. ఏమిటది? ఎవరైనా? ఆఁ, మొహమాటం! అమ్మగారు కరెక్టుగా చెప్పారు. మొహమాటానికి ఇంగ్లిష్‌లో మాట లేదని బాధపడుతుంటాం, అచ్చంగా ఒక మాట లేకపోవచ్చు, వాక్యం ఉంది. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ నాట్ లాఫింగ్.' నవ్వాపుకోలేక చచ్చాను. ఇక్కడ 'నాట్' ఎక్కడ పెట్టామో చూడండి, 'ఇంగ్' మాటకి ముందు. 'ఐ డిడ్ నాట్ హావ్ ఎ హార్డ్ టైమ్ లాఫింగ్' అంటే నవ్వడానికి ఇబ్బందేమీ పడలేదని, అదేదో తిక్క వాక్యమవుతుంది.

ఇప్పుడు తల్లిదండ్రుల కోసం ఒకటి. మా అబ్బాయి చేత హోంవర్కు చేయించడానికి నానా తంటాలు పడ్డాను. ఇంగ్లిష్‌లో చెప్పండి. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్...' తర్వాత? 'డూయింగ్ హోంవర్క్' అంటే ఎవరు చేసినట్టు? మీరు చేసినట్టు! కొందరిళ్ళల్లో అదే జరుగుతోంది, అది వేరే విషయం. ఈ వాక్యంలో నియమం ఏమిటంటే, తంటాలు పడేదీ పని చేసేదీ ఒకే మనిషి అయి ఉండాలి. హోంవర్కు చేసేది అబ్బాయి, తంటాలు మీవి. మరెలా? మీరు చేసే పనేమిటి? చేయించడం. 'ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ గెటింగ్ మై సన్ టు డూ హిజ్ హోంవర్క్.' మనకి 'చేయు'కి 'చేయించు' ఉంది, 'తిను'కి 'తినిపించు' ఉంది, మాటలోనే ఇమిడిపోయింది. వాళ్ళు దానికి 'గెట్' అనే మాటని బయటి నుంచి తెచ్చుకోవాలి. తెలుగులో ఇలా ఇంకొకరి చేత పని చేయించే 'ఇంచు' వినపడితే, ఇంగ్లిష్‌లో 'గెటింగ్' పెట్టండి.

'హార్డ్ టైమ్' తర్వాత పని చెప్పకుండా వస్తువు చెప్పాలంటే 'విత్' పెట్టండి. 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ విత్ స్పెల్లింగ్స్.' దీని మీద ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక 'ఫేస్' సంగతి. మనకి కష్టం అనగానే నోట్లోంచి వచ్చేది 'ఫేసింగ్.' 'ఐ యామ్ ఫేసింగ్ ప్రాబ్లం ఇన్ ప్రింటింగ్.' 'ఐ యామ్ ఫేసింగ్ డిఫికల్టీ టు లాగిన్.' మన దేశపు ఆఫీసుల్లో దీన్ని అందరూ అర్థం చేసుకుంటారు, వాడినవాళ్ళ తల తీసేయక్కర్లేదు. కానీ 'ఫేస్' అంటే ముఖం. ఎదురుగా నిలబడ్డ దాని వైపు ముఖం పెట్టి చూడడం. అందుకే అది పెద్దవాటికి బాగుంటుంది. కోర్టులో అభియోగాలు ఎదుర్కోవడం, కరువును ఎదుర్కోవడం, ఓటమిని ఎదుర్కోవడం. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే దానికి ఎదురొడ్డి నిలబడడం ఎందుకండీ? 'ఐ యామ్ హావింగ్ ట్రబుల్ ప్రింటింగ్ దిస్' అంటే సరిపోతుంది.

'ట్రబుల్' అన్నాను కదా. 'ట్రబుల్', 'డిఫికల్టీ' కూడా ఈ వాక్యంలో అచ్చు ఇలాగే ఇముడుతాయి. ఒక్క చిన్న ముక్క తప్ప. 'ఎ హార్డ్ టైమ్', కానీ ఉత్త 'ట్రబుల్', ఉత్త 'డిఫికల్టీ.' 'హావ్ ఎ ట్రబుల్ ఫైండింగ్' అనకూడదు. కష్టమేమీ పడలేదని చెప్పాలంటే మాత్రం 'ట్రబుల్' బాగా పనికొస్తుంది: 'ఐ హాడ్ నో ట్రబుల్ ఫైండింగ్ ది హౌస్.' 'నో హార్డ్ టైమ్' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక 'డిఫికల్టీ' లాటిన్ నుంచి వచ్చిన మాట, 'హార్డ్' పాత ఇంగ్లిష్ నుంచీ ఉన్న ఇంటి మాట. తెలుగులో 'క్లేశం'కీ 'తంటా'కీ ఉన్నంత దూరం కాదు గానీ, ఆ వరసే. ఆఫీసు ఉత్తరంలో 'వి హావ్ హాడ్ డిఫికల్టీ ఇన్ కాంటాక్టింగ్ యు' అని రాస్తే హుందాగా ఉంటుంది, ఆ 'ఇన్' ఉన్నా సరే, లేకపోయినా సరే. స్నేహితుడితో అలా మాట్లాడితే వాడు నోటీసొచ్చిందనుకుంటాడు.

'హార్డ్ టైమ్'కి చుట్టాలు కొందరున్నారు, పోలికలు చూసి పొరబడకండి. 'గివ్ సమ్‌వన్ ఎ హార్డ్ టైమ్.' 'మై ఫ్రెండ్స్ గేవ్ మి ఎ హార్డ్ టైమ్ అబౌట్ మై హెయిర్‌కట్.' క్షవరం చూసి స్నేహితులు ఏడిపించారు. ఈ 'ఏడిపించు' అనే మాట ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. తెలుగులో 'ఏడిపించడం' అంటే సరదాగా ఆటపట్టించడమూ అవుతుంది, నిజంగా పీడించడమూ అవుతుంది. ఇంగ్లిష్‌లో 'గివ్ ఎ హార్డ్ టైమ్'కీ ఆ రెండర్థాలూ ఉన్నాయి. చెప్పేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి, ఇక్కడైనా అక్కడైనా.

'ఫాల్ ఆన్ హార్డ్ టైమ్స్', చివర 'ఎస్' ఉంది, జాగ్రత్త. అది డబ్బు చితికిపోయినవాళ్ళకి. ఇదిగో, ఇక్కడ వాడుకోండి మీ కష్టకాలం. బాగా బతికిన కుటుంబం దెబ్బతింది అనడానికి. ఇక అసలు ప్రమాదం. 'ఎ' తీసేసి, 'హావ్' తీసేసి, 'డూ' పెట్టారనుకోండి. 'హీ డిడ్ హార్డ్ టైమ్.' అంటే? జైలుకెళ్ళొచ్చాడని! అమెరికా వాడుకలో 'టైమ్' చేయడమంటే శిక్ష అనుభవించడం. 'ఐ డిడ్ హార్డ్ టైమ్ ఇన్ మై లాస్ట్ కంపెనీ' అనకండి, దయచేసి. ఒక 'ఎ' మింగేసి, 'హావ్' మార్చేస్తే ఏమవుతుందని అడుగుతారు కదా మీరు, ఇదిగో, ఇదవుతుంది.

పలకడం గురించి ఒక్క ముక్క. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'హార్డు టైము' అంటాం. ఆ రెండు ఉకారాలూ వదిలేయండి. 'డ్' దగ్గర నాలుక ఆగి, ఊపిరి వదలకుండా నేరుగా 'టైమ్'లోకి వెళ్ళిపోవాలి. హార్డ్‌టైమ్. ఏదీ, అనండి. హార్డ్‌టైమ్. మళ్ళీ. సరే, పర్లేదు.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. 'టఫ్ టైమ్' అనొచ్చా అంటున్నారు. అనొచ్చు, అదే అర్థం. ఆ వెనక బాబు ఏదో అడుగుతున్నాడు. ఎవరైనా పోతే, పరామర్శకి వెళ్ళినప్పుడు ఈ మాట పనికొస్తుందా అని. మంచి ప్రశ్న. అక్కడ 'హావింగ్' కన్నా 'గోయింగ్ త్రూ' బాగుంటుంది. 'ఐ నో యు ఆర్ గోయింగ్ త్రూ ఎ హార్డ్ టైమ్.' తర్వాత 'ఇంగ్' మాటేదీ అక్కర్లేదు. ఆ కష్టం ఏ ఒక్క పనిలోనో లేదు కదా, బతుకంతా కమ్ముకుని ఉంది. అంతమాత్రం అని, పక్కన కూర్చుంటే చాలు.

చివరిగా ఒకటి, ఇందాక మొహమాటం చెప్పిన అమ్మగారు అడుగుతున్నారు. 'నాకు ఇంగ్లిష్ మాట్లాడడం కష్టమండీ' అని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి అని. మీరే చెప్పండమ్మా. మొదట్లో 'ఐ' పెట్టండి. ఊఁ. 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ స్పీకింగ్ ఇంగ్లిష్.' విన్నారా అందరూ? ఒక్క తప్పు లేదు. కానీ ఒక చిక్కుందమ్మా. ఇంత శుభ్రంగా చెప్పారంటే అవతలివాళ్ళు ఏమంటారో తెలుసా? 'ఐ హావ్ ఎ హార్డ్ టైమ్ బిలీవింగ్ దట్' అంటారు.